సెల్లార్‌లో కారు, బ్యాటరీ డౌన్. తోయాలా, కేబుల్ వేయాలా?

సెల్లార్_వాసి

పండక్కి ఊరెళ్ళి నిన్న రాత్రి హైదరాబాద్‌లో దిగాం. కారు రెండు వారాలుగా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. చిన్న పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, 2018 మోడల్, బ్యాటరీ మార్చి నాలుగేళ్ళు దాటింది. పొద్దున రిమోట్ పని చేయకపోతే తాళంతో తీసి సెల్ఫ్ కొట్టాను, టక టక టకమంటోంది తప్ప ఇంజన్ తిరగట్లేదు, కొట్టినప్పుడల్లా మీటర్‌లో లైట్లు డిమ్ అయిపోతున్నాయి. తోద్దాం సార్ అంటున్నాడు వాచ్‌మన్, కానీ ర్యాంప్ నిటారుగా ఉంటుంది, పైకి ఎక్కించే పని కాదు, లోపల పిల్లర్ల మధ్య మహా అయితే ముప్పై అడుగుల జాగా. మా ఆవిడేమో ఇంట్లో అంత పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీ ఉందిగా, దాంతో అవ్వదా అంటోంది. పక్క ఫ్లాట్ ఆయనకి డీజిల్ కారుంది, ఇస్తానంటున్నాడు గానీ తన బండికేమైనా అవుతుందేమోనని ఆయనకో భయం. రేపు పొద్దున్నే నాన్నగారిని చెకప్‌కి తీసుకెళ్ళాలి, అదో టెన్షన్. ఏం చేయమంటారు?

గ్రీజు_చేతులు

టక టకమని వరసగా వస్తోందంటే బ్యాటరీలో కొంచెం ప్రాణం ఉంది, సెల్ఫ్ మోటార్‌ని తిప్పేంత లేదు. ఒక్కసారి టక్ మని ఆగిపోయి లైట్లు మాత్రం ఫుల్‌గా వెలుగుతుంటే అప్పుడు సెల్ఫ్ మోటార్‌ని అనుమానించాలి, మీది అది కాదు.

ఎవర్నీ పిలిచేముందు బానెట్ ఎత్తి టర్మినల్స్ చూడండి. చేత్తో పట్టుకుని తిప్పితే కదులుతున్నాయా? తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుందా? పేరుకుంటే 10 నంబర్ పానాతో ముందు నెగటివ్ విప్పండి, తర్వాత పాజిటివ్. వేడినీళ్ళలో కొంచెం వంటసోడా కలిపి పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా ఆరాక బిగించండి, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. మా షెడ్డుకి బ్యాటరీ పోయిందని వచ్చే బళ్ళలో టర్మినల్ లూజైనవి కూడా బాగానే ఉంటాయి. ఎవరి దగ్గరైనా మల్టీమీటర్ ఉంటే రీడింగ్ పెట్టండి. ఫుల్ చార్జ్‌లో ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది, 12 కి దిగిందంటే అడుగంటినట్టే.

ట్రాక్టర్_తమ్ముడు

అన్నా, మా ఊళ్ళో బ్యాటరీ వీకైన ట్రాక్టర్లన్నీ రాత్రిపూట డౌన్‌లోనే పెడతారు. పొద్దున బ్రేక్ వదిలి, దొర్లుతుండగా క్లచ్ వదిలితే చాలు. కారుకీ అంతే. తాళం ఆన్‌లో పెట్టి, క్లచ్ తొక్కి, రెండో గేర్ వేసుకుని, ఇద్దరు ముగ్గురు వెనక నుంచి నూకితే, మనిషి పరుగెత్తే స్పీడ్ వచ్చాక క్లచ్ టక్కున వదిలి, అందుకోగానే మళ్ళీ తొక్కాలి. ఫస్ట్ గేర్ వద్దు, బండి ఎగిరి ఆగిపోతుంది. కానీ ఈ పని రోడ్డు మీద చేయాలి, మీ ముప్పై అడుగుల్లో ఆ స్పీడ్ రాదు. పైగా ఇంజన్ ఆన్‌లో లేకపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ గట్టిపడుతుంది. పిల్లర్ల మధ్య వద్దన్నా.

వోల్టు_బాబాయ్

తమ్ముడు చెప్పింది నిజమే, ఒక్క మాట కలుపుతాను. ఇప్పటి పెట్రోల్ బళ్ళలో ఇంజెక్షన్ పంపుకీ, ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ ఈసీయూకీ కరెంటు కావాలి. మీటర్‌లో లైటు కూడా రానంత చచ్చిన బ్యాటరీ అయితే ఎంత తోసినా లాభం లేదు, ఇంజన్‌తో తిరిగే ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలన్నా ముందు బ్యాటరీ నుంచి కొంచెం అందాలి. ఆటోమేటిక్, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేనివి) బళ్ళయితే తోయడం అనే మాటే మర్చిపోండి.

ఇక మీ ఆవిడ అడిగిన ఇన్వర్టర్ బ్యాటరీ సంగతి. తప్పేం లేదు, అదీ 12 వోల్టులే, ఇన్వర్టర్ నుంచి పూర్తిగా విప్పేసి కేబుల్ వేస్తే స్టార్ట్ అయ్యే అవకాశం బాగానే ఉంది. కానీ 150 ఏహెచ్ (బ్యాటరీ ఎంత చార్జ్ దాచుకుంటుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైనే తూగుతుంది, లోపలంతా యాసిడ్. దాన్ని లిఫ్టులో దించుతూ ఒలకబోసుకుంటే కారు కంటే పెద్ద పని పడుతుంది. పక్క ఫ్లాట్ ఆయన కారే మేలు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు, ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యూజులు, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. వరస తప్పకపోతే ఏమీ కాదు. రెండు బళ్ళూ ఒకదానికొకటి తగలకుండా పెట్టి, రెండింటి ఇంజన్లూ, లైట్లూ, ఏసీలూ ఆపండి. ఎర్ర కేబుల్ ముందు మీ ప్లస్‌కి, రెండో కొస ఆయన ప్లస్‌కి. నల్లది ఆయన మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం మీ బ్యాటరీకి కాదు, బ్యాటరీకి దూరంగా ఇంజన్ మీద పెయింటు లేని ఇనుముకి. చివరి క్లిప్పు పెట్టేటప్పుడు చిన్న నిప్పురవ్వ వస్తుంది. బ్యాటరీ మీద హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి ఆ రవ్వ అక్కడ రాకూడదు. తర్వాత ఆయన బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఆగి, మీరు సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక తీసేటప్పుడు అంతా వెనకనుంచి ముందుకి, నల్లది ముందు.

కేబుల్స్ కొనేటప్పుడు లావు చూసి మోసపోకండి, పైన ప్లాస్టిక్ మందంగా ఉండి లోపల వెంట్రుకల్లాంటి తీగలుంటాయి. సెల్ఫ్ కొట్టగానే వేడెక్కి వాసనొస్తాయి, బండి మాత్రం తిరగదు.

హైవే_పక్షి

హైవే మీద ఆగిపోయే వాళ్ళకి ఒకటి చెప్తాను. మంచితనంతో లారీ డ్రైవర్ ఆపి కేబుల్ ఇస్తానంటే వద్దని దండం పెట్టండి. పెద్ద లారీలు, బస్సుల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, మన కారుకి తగిలిస్తే ఎలక్ట్రానిక్స్ ఎగిరిపోతాయి. ట్రాక్టర్ పర్లేదు, 12 వోల్టులే. నేషనల్ హైవే అయితే 1033 కి ఫోన్ చేయండి.

సెల్లార్_వాసి

అప్‌డేట్: టర్మినల్స్ గట్టిగానే ఉన్నాయి. మీటర్ పెడితే 11.4. బాబాయ్ చెప్పిన వరసలో కేబుల్ వేశాం, పక్క ఫ్లాట్ ఆయన ప్రతి క్లిప్పునీ టార్చ్ వేసి మరీ చూశాడు. ఫస్ట్ సెల్ఫ్‌కే అందుకుంది! ఇప్పుడు ఇంజన్ ఆన్‌లో 14.2 చూపిస్తోంది. ఇలాగే ఓ గంట వదిలేస్తే చార్జ్ అయిపోతుందా? ఇంకో డౌట్, రెండు వారాలకే ఎందుకు దిగిపోయింది?

వోల్టు_బాబాయ్

ముందు ఆ బండిని సెల్లార్‌లోంచి బయటికి తీయండి! మూసిన చోట పొగ పేరుకుంటే అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన కూడా తెలియదు. 14.2 అంటే ఆల్టర్నేటర్ బాగుంది. ఐడిల్‌లో చార్జ్ ఎక్కడం నిదానం, ఏసీ ఆపేసి ఔటర్ మీద ఓ గంట తిప్పితే రేపటికి సరిపడా ఎక్కుతుంది, ఫుల్ మాత్రం కాదు. ఫుల్ కావాలంటే బ్యాటరీ షాపులో రాత్రంతా చార్జింగ్ పెట్టించాలి.

ఎందుకు దిగిందంటే, తాళం తీసేసినా అలారం, రిమోట్, గడియారం కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. 40 మిల్లీయాంపులే అనుకున్నా రెండు వారాలకి 13 ఏహెచ్ పైనే. మీది 35 ఏహెచ్ అయితే మూడో వంతు కంటే ఎక్కువ పోయినట్టు. కొత్త బ్యాటరీ దాన్ని తట్టుకుంటుంది, మన ఎండల్లో నాలుగేళ్ళు నడిచింది తట్టుకోదు.

గ్రీజు_చేతులు

చెకప్ అయ్యాక బ్యాటరీకి లోడ్ టెస్ట్ (గట్టిగా కరెంటు లాగి చూడటం) చేయించండి, ఉట్టి వోల్టులు చూసి బాగుందంటే నమ్మకండి. మార్చాల్సి వస్తే పాతది అక్కడే ఇచ్చేయండి, సీసానికి ధర ఉంది కాబట్టి కొత్తదాని మీద తగ్గిస్తారు. రేపు ఆస్పత్రి పార్కింగ్‌లో మాత్రం ముక్కు గోడవైపు కాకుండా బయటికి ఉండేలా పెట్టండి, అవసరమైతే ఇంకో బండి పక్కకొస్తే కేబుల్ అందుతుంది.