శీఘ్రస్ఖలనానికి మాత్ర వేసుకోవాలా, వద్దా?

రేణిగుంట_31:
పెళ్లయి ఏడాదిన్నర. మొదటి రోజు నుంచీ నాకు నిమిషం కూడా నిలవదు. ఎంత ఆపుకుందామన్నా నా చేతిలో ఉండదు. పోయిన వారం తిరుపతిలో డాక్టరుకు చూపించుకున్నాను. శీఘ్రస్ఖలనం అన్నాడు. థైరాయిడ్ పరీక్ష, డాపోక్సిటిన్ 30 మిల్లీగ్రాముల మాత్ర రాసినాడు. గురువారం మళ్లీ రమ్మన్నాడు. మాత్ర ఇంకా వేసుకోలేదు. అలవాటైపోతుందా? జీవితాంతం దీని మీదే ఉండాలా?

పీలేరు_పెద్దన్న:
తమ్ముడూ, ఆ చీటీ చించెయ్. ఇది రోగమే కాదు. దీన్ని రోగమనుకుని నేను 22 వేలు పోగొట్టుకున్నా. గోడల మీద రాసుంటారే, ప్రతి నెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జీలో వైద్యుడు దొరుకుతాడని, అక్కడికే పోయినా. మూడో అంతస్తు గది, మంచం మీద బ్రీఫ్‌కేసు. నాడి పట్టి చూసి, చిన్నప్పటి తప్పుల వల్ల నరాలు చచ్చిపోయినాయి అన్నాడు. భస్మం అని పొట్లాలు ఇచ్చినాడు. కడుపు పాడైంది గానీ ఇంకేమీ మారలేదు. ఈ పేరు చెప్పి డబ్బు గుంజని వాడు లేడు.

చిత్తూరు_మందులషాపు:
అన్నా, లాడ్జీలో వాడు మోసం చేస్తే ఈ అబ్బాయి డాక్టరు చీటీ ఎందుకు చించాలి? అట్లాంటి ప్రకటనలు 1954 చట్టం కింద నేరం. హస్తప్రయోగంతో నరాలు చచ్చిపోతాయనేది పచ్చి అబద్ధం. కానీ సమస్య అబద్ధం కాదు. మొదటి నుంచీ నిమిషం లోపే అయిపోవడం, ఆపుకోలేకపోవడం, దాంతో మనిషి కుమిలిపోవడం, ఈ మూడూ ఉంటేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. బాగున్నవాడికి మధ్యలో మొదలైతే మూడు నిమిషాల లోపు అని చూస్తారు. అప్పుడు థైరాయిడ్, ప్రోస్టేట్ వాపు, అంగం సరిగా గట్టిపడకపోవడం, ఇవీ వెతకాలి. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐదు దేశాల్లో 500 జంటలను చూస్తే, సగం మందికి 5.4 నిమిషాల లోపే అయింది. అరగంటలు, గంటలు అనేవి వీడియోల్లో మాటలు.

పీలేరు_పెద్దన్న:
ఆ గడియారం ఎవరు పట్టుకున్నారు?

చిత్తూరు_మందులషాపు:
భార్యలే. స్టాప్‌వాచ్ ఇచ్చినారు.

పీలేరు_పెద్దన్న:
పక్కన స్టాప్‌వాచ్ పెట్టుకుంటే ఎవడికి టెన్షన్ రాదు? ఆ ఐదు దేశాల్లో మన దేశం ఉందా?

చిత్తూరు_మందులషాపు:
లేదు. నెదర్లాండ్స్, బ్రిటన్, స్పెయిన్, టర్కీ, అమెరికా.

పీలేరు_పెద్దన్న:
మరి వాళ్ల గడియారంతో మనల్ని ఎందుకు కొలుస్తావప్పా? నేను అడిగేది అదొక్కటే.

మదనపల్లె_మాష్టారు:
బాబూ, కండోమ్ వేసుకుని చూడు. స్పర్శ కొంచెం తగ్గుతుంది. నాకు అది చాలింది.

చిత్తూరు_మందులషాపు:
తమ్ముడూ, నీ ప్రశ్న పక్కకు పోయింది. ఈ డాపోక్సిటిన్ రోజూ మింగేది కాదు. కావాల్సిన రోజు, గంట నుంచి మూడు గంటల ముందు, నిండు గ్లాసు నీళ్లతో ఒకటి. రోజుకు ఒకటి దాటకూడదు. వికారం, తలతిరుగుడు ఉండొచ్చు, కొందరు కళ్లు తిరిగి పడిపోతారు. మద్యం తాగి వేసుకోవద్దు. గుండె జబ్బు ఉన్నా, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పాలి.

పీలేరు_పెద్దన్న:
అమ్ముకునేవాడివి, వేసుకోవద్దని నువ్వెందుకు చెప్తావు.

చిత్తూరు_మందులషాపు:
ఆ మాట వెనక్కి తీసుకో అన్నా. చీటీ లేకుండా నేను ఇవ్వను. రాత్రి షట్టర్ దించే టైముకి పిల్లోళ్లు వస్తారు. ముందు జ్వరం మాత్రలు అడుగుతారు. పక్కన వాళ్లు పోయేదాకా చిల్లర లెక్కపెడుతూ నిలబడతారు. ఆ తర్వాత నోరు తెరవకుండా ఫోన్ నావైపు తిప్పుతారు. మొన్న ఒకడి ఫోన్లో ట్రమడాల్ పేరు ఉంది, ఎవడో స్నేహితుడు చెప్పినాడంట. అలవాటు చేసే నొప్పి మందు అది! తిప్పి పంపిస్తే నన్ను తిట్టి పోయినాడు. ఈ సిగ్గు చూసీ చూసీ నా కడుపు రగిలిపోతా ఉంది.

స్వర్ణముఖి:
ఇంతసేపూ నిమిషాలు, మాత్రలు, గడియారాలు. భార్య అనే మనిషి స్టాప్‌వాచ్ పట్టుకోవడానికి తప్ప మీకు గుర్తుకు రాలేదు. మాది నాలుగేళ్ల కథ. ఆయన అయిపోగానే లేచి మిద్దె మీదికి పోయేవాడు. తర్వాత దగ్గరికి రావడమే మానేశాడు. నేను నచ్చలేదనుకుని ఏడ్చాను. ఒక రాత్రి బాత్రూం గుమ్మంలో కళ్లు తిరిగి పడ్డాడు. నుదురు చిట్లింది. ఏం మందులు వాడుతున్నావని ఆసుపత్రిలో డాక్టరు మూడుసార్లు అడిగాడు. నేను పక్కన ఉన్నానని ఆయన నోరు విప్పలేదు. ఇంటికొచ్చి చొక్కా ఉతకబోతే జేబులో మాత్రల అట్ట దొరికింది.

పీలేరు_పెద్దన్న:
అమ్మా, ఇట్లాంటివి ఇంట్లో చెప్తే మగవాడికి విలువ ఉంటుందా? నేను చెప్పినా. పెళ్లయిన రెండో ఏడు చెప్పినా. ఆమె వాళ్లమ్మకు చెప్పింది. ఆ పండక్కి పోతే మా బావమరిది పదిమందిలో నన్ను చూసి నవ్వినాడు. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ ఊరు పోను. లాడ్జీకి దొంగతనంగా పోయింది అందుకే. 22 వేలు పోయినందుకు కాదు నా బాధ.

స్వర్ణముఖి:
ఆమె చేసింది తప్పే అన్నా. అట్లాగని అందరూ నోరు మూసుకోవాలా? మా డాక్టరు తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి నేర్పిన పద్ధతి, అంచుదాకా వచ్చినప్పుడు ఆగడం, ఊపు తగ్గాక మళ్లీ మొదలుపెట్టడం. 1956 నుంచీ ఉన్నదేనంట. అది నాకు తెలియకుండా ఆయన ఒక్కడే ఎట్లా చేస్తాడు? మాకు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు మానేశాం కూడా.

రేణిగుంట_31:
ఒక మాట దాచినాను. గురువారం భార్యను తీసుకుని రమ్మన్నాడు డాక్టరు. ఆమెకు ఇంకా ఏమీ తెలీదు. మాత్ర ఒక్కటే చాలని ఎవరైనా చెప్తారేమోనని అడిగినా. అక్కా, మీకు ఎట్లా చెప్పుంటే బాగుండేది?

స్వర్ణముఖి:
లైటు ఆర్పినాక మాత్రం వద్దు తమ్ముడూ. పగలు, ఏదైనా పనిలో ఉన్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడో ఎప్పుడో పక్కన కూర్చుని చెప్పు. ఇందులో నీ తప్పేమీ లేదు అనే మాట ముందు చెప్పు. నేను నాలుగేళ్లు ఆ ఒక్క మాట కోసమే చూశాను.

పీలేరు_పెద్దన్న:
నేను నా మాట మీదే ఉన్నా. చెప్పాలనే ఉంటే చెప్పు. వాళ్లమ్మకు చెప్పొద్దని మాత్రం ముందే అడుగు.