అప్‌డేట్: జెరేనియం పూలమొక్క కొమ్మలు నల్లబడి చచ్చిపోతున్నాయని అడిగాను కదా, వేర్లొచ్చాయండీ!

అక్టోబర్‌లో అడిగాను, గుర్తుందా, బెజవాడ సత్యనారాయణపురం, మూడో అంతస్తు బాల్కనీ, 6 కొమ్మలు గుచ్చితే 6కి 6 మొదలు దగ్గరే నల్లగా మెత్తబడి పోయాయని. తప్పంతా నాదే. గులాబీకి చేసినట్టే కోసిన వెంటనే తోటమట్టిలో గుచ్చేసి, రోజూ నీళ్ళు పోసి, పైన పాలిథిన్ కవర్ కూడా కట్టా, అసలే మన ఉక్కపోత, ఇంక కుళ్ళక ఏం చేస్తాయి.

ఈసారి మీలో ఒకరు చెప్పినట్టు డిసెంబర్ దాకా ఆగి, కణుపుకి కాస్త కిందగా 4 అంగుళాల కొమ్మలు కోసి, కింద ఆకులూ మొగ్గలూ తీసేసి, రాత్రంతా పేపర్ మీద నీడలో వదిలేశా. పొద్దున చూస్తే కోసిన చోట తడారి సన్నటి పొర కట్టింది. సగం ఇసుక సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపి, అడుగున చిల్లులు పెట్టిన పేపర్ కప్పుల్లో నాటా, కవర్ గివర్ ఏం లేదు, వేలు పెట్టి పొడిగా ఉంటేనే నీళ్ళు. వేర్లు రావడానికి అద్దే రూటింగ్ పౌడర్ కూడా వాడలేదు.

మొదటి వారం ఆకులు వేలాడేసరికి మా అత్తయ్య "ఇవీ పోయాయమ్మా" అనేశారు, నేనూ ఆశ వదిలేశా. నాలుగో వారానికి నడిమధ్యన గోరంత ముడతల ఆకు, కప్పు చింపితే తెల్లటి వేర్లు! 8లో 5 బతికాయి.

ఇక ఎండాకాలం గండం ఉంది. తూర్పు బాల్కనీకి మార్చి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా పెడదామనుకుంటున్నా.