చిన్న వర్క్‌షాపుల పరిశోధనకు సర్కారు పైసలు: ఆ కుర్చీల ఎవరు కూసోవాలె?

బాయిలర్_కాడ (మిర్యాలగూడ)
మా తమ్ముడు, నేను మిల్లు సామాను తయారుచేసే వర్క్‌షాపు నడుపుతున్నం. మొత్తం పదకొండు మందిమి. ఉప్పుడు బియ్యం డ్రయ్యర్ల వడ్లు ఒకదిక్కు గలగల ఎండిపోతయి, ఇంకోదిక్కు పచ్చిగనే ఉంటయి. అతిగ ఎండినయి పాలిష్‌ల ఇరిగి నూక అయితయి. నూక రేటెంతో, బియ్యం రేటెంతో మిల్లర్లకు చెప్పక్కర్లే. తేమ చూసుకుంట వేడిగాలిని తనే తగ్గించుకునే డ్రయ్యర్ చేద్దామని రెండేండ్ల కింద ఒక సర్కారు గ్రాంటుకు పెట్టుకున్నం.

మొదటి సారు "మంచిగుంది" అన్నడు, బదిలీ అయిండు. రెండో సారు మళ్లీ మొదటి నుంచి కాగితాలు అడిగిండు. మూడో సారు "ఇది పరిశోధన కాదు, రిపేరు" అన్నడు. పైగా ముందుగాల మేమే ఖర్చు పెట్టాల్నట, బిల్లులు చూసి తర్వాత ఇస్తరట. ముందు పెట్టెటానికి పైసలుంటే మీ గడప ఎందుకు తొక్కుతం?

అందుకే అడుగుతున్న. ఇట్లాంటి పథకానికి పెద్దగ ఎవరుండాలె? ఐఏఎస్సా, ప్రొఫెసరా, ధంధా చేసి నష్టపోయి లేచినోడా? నా ఓటు మూడోదానికి.

గడియారం_సెంటర్ (నల్లగొండ)
కెమిస్ట్రీ చెప్పి రిటైరైన వాణ్ని. మీ బాధ నిజమే, మీ ఓటు మాత్రం తప్పు. మన దగ్గర వ్యాపారి ఆ కుర్చీలో కూర్చుంటే మొదటి ఫైలు బామ్మర్దిది, రెండోది వియ్యంకుడిది. బంధుత్వం లేదంటారా, అప్పుడు పోటీ ఉంటుంది. మీ డ్రయ్యర్ డ్రాయింగ్ మీ పోటీదారు చేతిలో పెట్టడానికి మీరే ఒప్పుకోరు.

చిన్న కంపెనీల పరిశోధనకు సర్కారు డబ్బివ్వడం మన దేశానికి కొత్త కూడా కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం చిన్న కంపెనీల కోసం 2005లోనే ఎస్‌బీఐఆర్‌ఐ అనే పథకం పెట్టింది. 2012లో ఆ విభాగం కిందే బైరాక్ అనే సంస్థ వచ్చింది. దాని 'బిగ్' గ్రాంటులో ఒక ఆలోచనను పరీక్షించుకోవడానికి 50 లక్షల దాకా ఇస్తారు. నిపుణుల కమిటీ చూస్తుంది, మైలురాళ్లు పెట్టి విడతలుగా డబ్బు విడుదల చేస్తారు. ప్రజల సొమ్ముకు ఆ మాత్రం కాపలా ఉండాలి.

బాయిలర్_కాడ
సార్, అది బయోటెక్‌కు. ఇనుప రేకులు కొట్టేటోనికి ఏముంది?

చిటికి_కట్టినచెయ్యి (ఆలేరు)
కమిటీ అంటే నవ్వొస్తది. మా పక్క ఊరు శారాజీపేట చింతకింది మల్లేశం సార్‌ను తలుసుకోండ్రి. చీర ఒక్కదానికి ఆసు పొయ్యాల్నంటే, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాల్నంటే, చెయ్యి దాదాపు 9 వేలసార్లు ఆడాలె. వాళ్లమ్మ భుజం నొప్పి చూసి 1992ల మొదలువెట్టి, 1999కి మిషిన్ పూర్తి చేసిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. మరి నడిమిట్ల ఆ ఏడేండ్లు? ఆరో తరగతి కాడ బడి మానేసిన మనిషి మీ కమిటీ ముందల నిలవడితే "ఇంతకుముందు పరిశోధనల సమీక్ష ఏది, ప్రధాన పరిశోధకుని బయోడేటా ఏది" అందురు. మా అమ్మ ఆసు వోసి వోసి ఇప్పటికీ కుడి చెయ్యి పైకి లేపది.

గడియారం_సెంటర్
అమ్మా, ఒక్కరి పట్టుదలను చూపించి పథకం రాయలేం. అట్ల మధ్యలో ఆగిపోయిన వాళ్లెందరో ఎవరికి తెలుసు?

చిటికి_కట్టినచెయ్యి
గదే సార్ నేను చెప్పేది. వాళ్లు ఆగిపోవద్దనే కదా పథకం.

డాలర్_పాలమూరు (సొంతూరు దేవరకద్ర, ఇప్పుడు అమెరికాల)
ఈడ చిన్న కంపెనీల పరిశోధనకు సర్కారు పైసలిచ్చే పథకం పేరు ఎస్‌బీఐఆర్. నేను పనిచేసే చిన్న కంపెనీకి ఆ పైసలు వచ్చినయి, అందుకే చెప్తున్న. దీన్ని మొదలువెట్టింది పెద్ద నాయకుడు కాదు. పరిశోధనలకు పైసలిచ్చే ఈడి సర్కారు సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ల రోలండ్ టిబ్బెట్స్ అనే ఆఫీసరు 1970ల చివర ఒక్క సంస్థల నడిపి చూపిస్తే, 1982ల చట్టం చేసి మిగతా సంస్థలకు పాకించిండ్రు. బయటికిచ్చే పరిశోధన బడ్జెట్ 10 కోట్ల డాలర్లు దాటిన ప్రతి సంస్థ అండ్ల 3.2 శాతం చిన్న కంపెనీలకు తీసి పక్కన పెట్టాలని రూలు. 500 మంది లోపుంటే చిన్నదే. కంపెనీల వాటా అడగరు.

అందరికీ కలిపి ఒక్క కుర్చీ ఉండదీడ. ఏ సంస్థ ప్రోగ్రాం దానిదే, దానికో మేనేజరు. మొదటి దశల చిన్న మొత్తమిచ్చి "అయితదా కాదా" చూస్తరు. కాకపోతే కాలేదని రాసిస్తే సాలు, దొంగోని లెక్క చూడరు. అయితే రెండో దశ. మూడో దశకు ఆ పద్దుల నుంచి పైస రాదు, అమ్ముకునుడే.

ఇక్కడా పాపాలున్నయి. ఏమీ అమ్మకుండ గ్రాంటు మీద గ్రాంటు రాసుకుంట బతికే కంపెనీలున్నయి. వాటికి ఈళ్లు పెట్టిన పేరు తెలుసా? 'ఎస్‌బీఐఆర్ మిల్లులు'. మిర్యాలగూడ అన్న ఏమనుకోవద్దు.

బాయిలర్_కాడ
మా మిల్లులల్ల కనీసం తౌడన్న వస్తది!

మర్రిగూడ_నీళ్లు
నిపుణుల కమిటీకే అప్పజెప్పుదామనేటోళ్లకు ఒక ముచ్చట. మన జిల్లా పేరుతోటి ప్రపంచమంత తెలిసిన పద్ధతి 'నల్లగొండ టెక్నిక్'. నాగపూర్‌ల ఉన్న 'నీరి' అనే కేంద్ర పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేసిండ్రు. నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపితే ఫ్లోరిన్ అడుగుకు దిగుతది. సైన్సుకు వంక పెట్ట. కానీ నీళ్లను బట్టి పటిక మోతాదు మారుతది. రోజూ ఎవరు కొలవాలె? అడుగున పేరిన మడ్డి ఎక్కడ పారబొయ్యాలె? ఆఖరుకు మా ఇంటికి భగీరథ పైపుల కృష్ణ నీళ్లే రావాల్సొచ్చింది. బకెట్ల కలిపే మనిషిని అడిగినోడు ఆ కుర్చీల ఉంటే కథ ఇంకో తీరుండేదేమో.

జడ్చర్ల_జంక్షన్
ఎవరన్నా కూసోండ్రి గానీ మూడేండ్లు కదలొద్దు. మనిషి మారితే ఫైలు పుట్టుక కాడికి పోతది. నెలకు రెండు రోజులు హైదరాబాద్ ఇడిసి జిల్లాలల్ల కూసోవాలె. ఇంక పిచ్చి ముచ్చట్లు నాకు తెల్వయి.

గడియారం_సెంటర్
నీరి సంగతికి జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. మొదటి విడత ముందే ఇవ్వాలన్నదీ ఒప్పుకుంటాను. వ్యాపారి కమిటీలో ఉండనీ, సంతకం మాత్రం ఆయనది కాకూడదు. ఈ ఒక్కదాని మీద నేను దిగను.

మిర్యాలగూడ బాబూ, ఒకటడుగుతాను. పాత డ్రయ్యర్‌లో ఆడించినప్పుడు క్వింటాలుకు నూక ఎంత పడుతుందో, ఏ తేమ దగ్గర ఎంత పెరుగుతుందో కొలిచి దరఖాస్తులో రాశారా?

బాయిలర్_కాడ
రాయలే సార్. తూకం చీటీలైతే ఉన్నయి, రెండు సీజన్లయి, డబ్బాల కట్టి పెట్టినం. తేమ మీటర్ రీడింగులు ఆ చీటీల వెనకనే పెన్సిల్‌తో ఉంటయి.

రెండేండ్లల్ల ముగ్గురు సార్లు మారిండ్రు గానీ ఈ మాట ఒక్కరన్న అడగలే.

గడియారం_సెంటర్
ఆ డబ్బా పారెయ్యకండి. ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను.