పేరులేని ఖాళీ సీడీ-ఆర్‌లు: నాణ్యత, మన్నిక ఇంట్లోనే పరీక్షించడం ఎలా?

క్యాసెట్ల కృష్ణ:
హరికథ, బుర్రకథ క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించి ఆడియో సీడీలు చేస్తున్నాను. 50 సీడీల డబ్బా కొన్నాను. మీద 52ఎక్స్, 700 ఎంబీ అని ఉంది తప్ప తయారీదారు ఎవరో లేదు. కొన్ని ప్లేయర్లలో చివరి ట్రాకుల దగ్గర టిక్కుటిక్కుమంటోంది. అదే డబ్బాలోంచి తీసిన డేటా సీడీ మాత్రం పూర్తిగా కాపీ అవుతోంది. లోపం డిస్కుదా, రైటరుదా? మిగతావి వాడొచ్చా? ఒక సెట్టు దాచిపెట్టాలి కూడా.

ఆప్టికల్ అప్పారావు:
కృష్ణ గారూ, డేటా సీడీ కాపీ అయినంత మాత్రాన డిస్కు మంచిదని కాదండి. డేటా సెక్టారులో 2352 బైట్లుంటే మీ ఫైలుకి దక్కేవి 2048. 276 బైట్లు అచ్చంగా తప్పులు దిద్దుకోడానికే పోతాయి. ఆడియో సీడీలో ఆ 2352 బైట్లూ పాటే. సీ1, సీ2 అనే రెండు అంచెల దిద్దుబాటు రెండు రకాల సీడీలకీ ఉంది. అది దాటి వచ్చిన తప్పుని డేటా సీడీ మూడో అంచెలో పట్టేస్తుంది. ఆడియోకి ఆ అంచె లేదు కాబట్టి ప్లేయరు పక్క శాంపిళ్లు చూసి ఊహించి పూడుస్తుంది. పూడ్చలేకపోతే టిక్కుమంటుంది.

చివరి ట్రాకులే ఎందుకంటే, సీడీ మీద రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది. డై పూత, అంటే లేజర్ రాసే రంగు పొర, ఎక్కువ తేడా కొట్టేది బయటి అంచునే. నాసిరకం డిస్కు గుట్టు రట్టయ్యేది కూడా అక్కడే.

సీ1, సీ2 అంచెల్లో పడ్డ తప్పుల లెక్క చూపించే డ్రైవు కావాలి. పాత డెస్క్‌టాప్ లైట్-ఆన్, ప్లెక్స్‌టర్ డ్రైవులు చూపిస్తాయి. పల్చటి యూఎస్‌బీ డ్రైవులు చాలావాటిల్లో ఆ సదుపాయం ఉండదు. సాఫ్ట్‌వేర్ విండోస్‌లో అయితే నీరో డిస్క్‌స్పీడ్ లేదా ఆప్టి డ్రైవ్ కంట్రోల్, లైట్-ఆన్‌కి కేప్రోబ్, ప్లెక్స్‌టర్‌కి ప్లెక్స్‌టూల్స్, లినక్స్‌లో క్యూపీఎక్స్‌టూల్.

డబ్బా పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అట్టడుగు నుంచి ఒకటి తీయండి. మూడింటినీ 79 నిమిషాల దాకా నింపండి. సగం రాసిన డిస్కుని పరీక్షించి లాభం లేదు, చూడాల్సిన అంచు ఖాళీగా ఉండిపోతుంది. 16ఎక్స్ లేదా 24ఎక్స్‌లో, డిస్క్-ఎట్-వన్స్ (డిస్కంతా ఆగకుండా ఒకే విడత) పద్ధతిలో రాయండి. 4ఎక్స్‌లో నిదానంగా రాస్తే గట్టిగా పడుతుందన్న మాట పాతకాలం డిస్కులకి చెల్లింది. 52ఎక్స్ కోసం చేసిన డైని మరీ నెమ్మదిగా కాలిస్తే చాలాసార్లు ఫలితం ఇంకా చెడుతుంది. స్కాన్, అంటే ఆ తప్పుల లెక్క తీయడం, మూడింటికీ ఒకే డ్రైవులో, ఒకే వేగంలో చేయాలి. వేగం మారితే అంకెలకి పోలికే ఉండదు.

సీడీలో సెకనుకి 7350 ఫ్రేములు (చిన్న డేటా ముక్కలు). ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం 10 సెకన్ల సగటున సెకనుకి 220 సీ1 తప్పులు, అంటే సుమారు 3 శాతం. కానీ 220 లోపు ఉంది కదా అని సంబరపడకండి, కొత్త డిస్కుకి అది మరీ ఎక్కువ. సగటు 5 లోపు, అక్కడక్కడా లేచినవి 50 లోపు ఉంటే మంచిదంటాను. సీ2 సున్నా ఉండి తీరాలి. కొత్త డిస్కులో సీ2 ఒక్కటి కనిపించినా అది దాచుకునే సరుకు కాదు.

సగటు కంటే గ్రాఫ్ ఆకారమే ఎక్కువ చెబుతుంది. బయటికి వెళ్లేకొద్దీ మెల్లగా పైకి పాకుతుంటే పూత లోపం. ఒక్కచోట సూదిలా లేస్తే దుమ్మో గీతో పూతలో చిల్లో. ఒక నిమిషం దగ్గర మెట్టులా లేచి అక్కడే నిలబడితే, రాసేటప్పుడు వేగం మారినచోట లేజర్ పవర్ సరిగ్గా కుదరలేదని.

డిస్కుదా, రైటరుదా అని తేలాలంటే ఇదే డబ్బాలోంచి ఇంకొకటి వేరే రైటరులో రాసి, మొదటి డ్రైవులోనే స్కాన్ చేయండి. ఏ డిస్కుకి ఎంత పవర్, ఎలాంటి పల్స్ ఇవ్వాలో రైటరు ఫర్మ్‌వేర్‌లో (దాని లోపలి సాఫ్ట్‌వేర్‌లో) పట్టిక ఉంటుంది. మీ డిస్కు తయారీదారు కోడ్ అందులో లేకపోతే బండ లెక్కన రాసేస్తుంది. రెండు రైటర్లలోనూ అంచు దగ్గరే చెడితే డిస్కుదే తప్పు.

లినక్స్ లక్ష్మి:
తయారీదారు పేరు డబ్బా మీద లేకపోయినా డిస్కు గాడిలో ఉంటుంది. లినక్స్‌లో సీడీలు రాసే వోడిమ్ కమాండుకి ఏటిప్ ఆప్షన్ ఇస్తే లీడ్-ఇన్ (డిస్కు లోపలి అంచున పాటలకి ముందుండే భాగం) మొదలయ్యే సమయం చూపిస్తుంది. ఆ సమయమే తయారీదారు కోడ్. 97:24:01 తైయో యూడెన్, 97:34:23 మిత్సుబిషి కెమికల్, 97:26:66 సీఎంసీ, 97:15:17 రైటెక్, 97:17:06 మన మోజర్ బేర్. చివరి అంకె 0 నుంచి 4 అయితే సయనిన్ లేదా ఏజో డై, 5 నుంచి 9 అయితే థాలోసయనిన్ అని కమాండు అంచనా వేస్తుంది. అది అంచనాయే, తప్పొచ్చు.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ కోడ్ ప్లాస్టిక్ డిస్కు మీద గాడి వేసే స్టాంపర్ అచ్చులోంచి వచ్చేది. అచ్చు ఎవరిదో తెలుస్తుంది గానీ పూత ఎవరు పోశారో, ఎంత శ్రద్ధగా పోశారో తెలియదు. పైగా తైయో యూడెన్ 2015తో తయారీ ఆపేసింది, మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లింది. ఆ కోడ్‌లు ఇప్పుడు కనిపిస్తే పాత సరుకన్నా అయ్యుండాలి, ఎరువు తెచ్చుకున్న కోడ్ అన్నా అయ్యుండాలి. రాయని డిస్కు కూడా గోడౌన్లో ముసలిదవుతుంది.

స్టూడియో శీను:
ఇంత గోల ఎందుకండీ? అడుగు నీలంగా ఉంటే మంచిది, తెల్లగా ఉంటే చెత్త. షాపులో కంటితోనే చెప్పేయొచ్చు.

ఆప్టికల్ అప్పారావు:
శీను గారూ, ముదురు నీలం ఏజో డై రంగు. దాదాపు రంగు లేకుండా లేత ఆకుపచ్చగా కనిపించేది థాలోసయనిన్. వెలుతురుకి ఎక్కువ తట్టుకునేది ఆ తెల్లదే, బంగారు పొర ఉన్న ఆర్కైవ్ డిస్కుల్లో వాడిందీ అదే. కాబట్టి రంగుని బట్టి డై ఏదో చెప్పొచ్చు, నాణ్యత చెప్పలేం.

కంటితో చూడాల్సినవి వేరే ఉన్నాయి. బల్బుకి అడ్డం పెట్టి చూడండి. చుక్కచుక్కలుగా కాంతి దూసుకొస్తే వెండి పొరలో చిల్లులున్నట్టు. తర్వాత బయటి అంచు చూడండి. మెరిసే పొర అంచుకి కొంచెం ఇవతలే ఆగి, దాని మీద లక్క పూత అంచుదాకా కప్పి ఉండాలి. మెరుపు అంచుదాకా వచ్చేసిందంటే గాలి, తేమ అక్కడి నుంచే లోపలికి వెళ్లి వెండిని నల్లబరుస్తాయి. మూడోది, ఒక డిస్కు పాడైనా ఫరవాలేదనుకుంటే లేబుల్ వైపు సెల్లోటేపు అంటించి గట్టిగా లాగండి. రేకు ఊడి వచ్చిందంటే ఆ డబ్బా మీద ఆశ వదులుకోండి.

క్యాసెట్ల కృష్ణ:
మన్నిక సంగతి? మాది సముద్రం పక్క ఊరు. పదేళ్లు ఉంటుందో లేదో ముందే తెలుస్తుందా?

లినక్స్ లక్ష్మి:
ఏళ్ల లెక్క ఇంట్లో తేలదండి. ప్రయోగశాలల్లో 80 డిగ్రీల వేడి, 85 శాతం తేమ లాంటి పరిస్థితుల్లో వారాల తరబడి పెట్టి లెక్కగడతారు. మీరు చేయగలిగింది రెండు రకాల డిస్కుల్లో ఏది ముందు చెడుతుందో చూడటం. డైని చంపేది వెలుతురు, వెండిని చంపేది తేమ, వేడి. రెంటికీ వేరువేరు పరీక్షలు కావాలి.

వెలుతురుకి: రాసి, స్కాన్ చేసి, గ్రాఫ్ దాచుకున్న డిస్కుని లేజర్ చదివే వైపు పైకి ఉండేలా ఎండ పడే కిటికీలో పెట్టండి. మధ్య రంధ్రం చుట్టూ లోపలి సగాన్ని గుండ్రటి నల్ల అట్టతో కప్పండి. వారానికోసారి మళ్లీ స్కాన్. కప్పిన లోపలి భాగం పాత గ్రాఫ్‌లాగే ఉండి, బయటి భాగం మాత్రమే పైకి లేస్తే కారణం వెలుతురేనని తెలుస్తుంది. కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వద్దు. అక్కడ డిస్కు వంకర పోతుంది, ఇక దేన్ని కొలుస్తున్నామో మనకే తెలియదు.

తేమకి: మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, గిన్నెలో ఉప్పు తడిముద్దలా పెట్టండి. కరగని ఉప్పు కనబడుతూ ఉండాలి. మూసిన డబ్బాలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. డిస్కుకి ఉప్పునీళ్లు తగలకూడదు. తీసిన రోజే స్కాన్ చేయకండి, ఒక రోజంతా గదిలో ఆరనివ్వండి. లేకపోతే డిస్కు ప్లాస్టిక్ (పాలికార్బొనేట్) పీల్చుకున్న తేమకి వంగి, లేని తప్పులు చూపిస్తుంది. ఇదే వ్రాతతో ఇంకో డిస్కుని పోలిక కోసం బీరువాలో ఉంచండి.

వకీలు గుమాస్తా:
కోర్టుకి ఇచ్చే సీడీలకి కూడా ఇదే పరీక్షా?

లినక్స్ లక్ష్మి:
అక్కడ మన్నికతో పాటు హ్యాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) ముఖ్యమండి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. అసలు ఫైలు హ్యాష్ తీసి, డిస్కు రాసి, బయటికి తీసి, వేరే కంప్యూటర్లో మళ్లీ తీసి సరిపోల్చండి. రాసిన డ్రైవులోనే చూస్తే తన చేతిరాత తాను చదివినట్టే.

క్యాసెట్ల కృష్ణ:
రెండు రైటర్లలో చేశాను. 60 నిమిషాల దాకా సీ1 పది లోపే. 68 దగ్గర మొదలై పైకి పాకి చివర్లో 200 దాటింది, సీ2 కూడా పడింది. రెంట్లోనూ అంతే.

ఆప్టికల్ అప్పారావు:
డిస్కుదేనండి, పూత లోపం. డబ్బా పారేయక్కర్లేదు. పంచిపెట్టే సీడీలకి వాడుకోండి, 60 నిమిషాలు దాటకుండా రాయండి. హరికథ పొడుగైతే రెండు డిస్కులు చేయండి. కాగితం స్టిక్కరు అంటించొద్దు, బాల్‌పెన్నుతో రాయొద్దు. లేబుల్ వైపు లక్క పూత కిందే వెండి పొర ఉంది, అక్కడ పడ్డ గీతని ఏ పాలిషూ బాగుచేయదు. నీళ్ల ఇంకు మార్కరుతో మధ్య గుండ్రం దగ్గర రాస్తే చాలు.

దాచుకునే సెట్టుకి మాత్రం వేరే డిస్కులు కొని, ముందు మూడు పరీక్షించి అప్పుడు రాయండి. అసలు వేవ్ ఫైళ్లు హార్డ్‌డిస్కులో ఎలాగూ ఉంచాలి. ప్రతి డిస్కు గ్రాఫ్ ఫైలుకి డిస్కు నంబరు పెట్టి వాటి పక్కనే దాచండి. ఏడాదికోసారి అదే డ్రైవులో స్కాన్ చేసి పాత గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. సీ1 సగటు రెట్టింపయిందంటే, ఇంకా చక్కగా పాడుతున్నా సరే, కొత్త డిస్కుకి మార్చేయండి.