చలక మట్టి జియోపాలిమర్: కాస్టిక్ ఒక్కటే వాడితే పొడి రాలుతోంది, చౌడు పడుతోంది

చలక_నేల:
మాది నకిరేకల్ వైపు. ఎంటెక్ ప్రాజెక్టుకు జియోపాలిమర్ (సిమెంటు లేకుండా, కాల్చిన మట్టిని క్షారంతో గట్టిపరిచేది) చేద్దామని మా చలక మట్టి తెచ్చి, జల్లించి, 750 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాను. 10 మోలార్ కాస్టిక్ సోడాతో కలిపి క్యూబులు పోసి, ఒక రోజు 80 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. గట్టిపడ్డాయి కానీ అంచు గీకితే పొడి రాలుతోంది. వారం తిరిగేసరికి గోడకు చౌడు పట్టినట్టు తెల్లటి పూత. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జడ్చర్ల_ల్యాబ్:
తమ్ముడూ, సోడియం సిలికేట్ కలపలేదా? నేనూ మొదట్లో కాస్టిక్ ఒక్కదాన్నే నమ్ముకుని ఇలాగే నష్టపోయాను.

మిర్యాలగూడ_ఇటుక:
కాస్టిక్ ఎంత వేయాలో ఏ బరువు మీద లెక్కగట్టారు?

చలక_నేల:
మొత్తం మట్టి బరువు మీద అన్నా.

మిర్యాలగూడ_ఇటుక:
చిక్కంతా అక్కడే ఉంది. చలకలో ఇసుక పాలు ఎక్కువ. ఆ ఇసుకలోని క్వార్ట్జ్ (స్ఫటిక రూపంలోని సిలికా) కాస్టిక్‌కు దాదాపు కరగదు. కాల్చినప్పుడు పొరలు చెదిరి మెటాకయోలిన్‌గా మారిన బంకమట్టే కరిగేది. కరిగిన సిలికా, అల్యూమినా మళ్లీ ముడిపడి వల అల్లుకుంటాయి. నాలుగు ఆక్సిజన్ల నడుమ అల్యూమినియం కూర్చున్న ప్రతిచోటా ఒక ఋణావేశం ఉంటుంది. దాన్ని సరిచేయడానికి ఒక సోడియం అయాన్ చాలు. అంతకు మించి పోసిన సోడియం రంధ్రాల్లోని నీళ్లలో ఉండిపోయి, పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బొనేట్ అవుతుంది. మీరు చూసిన చౌడు అదే.

పొడి సంగతి వేరు. ఉత్త కాస్టిక్‌లో ముందే కరిగిన సిలికా ఉండదు. అందుకని అల్యూమినియం ఎక్కువున్న జెల్ తయారై, వేడికి సోడలైట్ లాంటి స్ఫటికాలుగా మారుతుంది, మధ్యలో పెద్ద రంధ్రాలు మిగులుతాయి. సిలికేట్ పోస్తే రంధ్రాలు సన్నబడి జెల్ చిక్కగా వస్తుంది. అలాగని ఎడాపెడా పోయకూడదు. మెటాకయోలిన్ జియోపాలిమర్‌లో సిలికాన్, అల్యూమినియం నిష్పత్తి 1.9 దగ్గరికి వచ్చేదాకా బలం పెరిగి, ఆ తర్వాత తగ్గుతుంది.

పాలమూరు_రేగడి:
పొటాషియం హైడ్రాక్సైడ్ వాడొచ్చా అన్నా?

మిర్యాలగూడ_ఇటుక:
వాడొచ్చమ్మా, ఖరీదు ఎక్కువ. కరిగించడంలో సోడియమే చురుకు. పొటాషియం సిలికేట్ పలచగా ఉంటుంది, కలపడం తేలిక.

జడ్చర్ల_ల్యాబ్:
ఏది వాడినా నీళ్లలోనే కాస్టిక్ కొద్దికొద్దిగా వేయండి, కాస్టిక్ మీద నీళ్లు పోయొద్దు. 10 మోలార్ అంటే లీటరు ద్రావణానికి 400 గ్రాములు, బాగా కాగిపోతుంది. కళ్లద్దాలు, గ్లోవ్స్ తప్పనిసరి. అల్యూమినియం గిన్నె అసలు వద్దు, హైడ్రోజన్ వస్తుంది. చల్లారాక మర్నాడు వాడండి.

చలక_నేల:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగున పేరుకున్నాక పైతేట తీసి ఆరబెట్టాను. బంకమట్టి బరువు మీదే లెక్క వేసి సిలికేట్ కలిపాను. ఎక్స్‌రే పరీక్షలో పాత క్యూబుకు సోడలైట్ గీతలు కనిపించాయి. కొత్తదానికి అవి లేవు, స్ఫటికం కాని జెల్‌కు వచ్చే వెడల్పాటి మూపురం ఒకటి, పక్కన మిగిలిన ఇసుక తాలూకు క్వార్ట్జ్ గీతలు. అంచు గీకినా రాలడం లేదు. పూత మాత్రం ఒక మూల పలచగా ఉంది.

మిర్యాలగూడ_ఇటుక:
ఓవెన్‌లో పెట్టేముందు క్యూబును ప్లాస్టిక్ కవర్లో చుట్టారా? తేమ తొందరగా ఆరితే సోడియం దాని వెంటే పైకి వస్తుంది.

చలక_నేల:
చుట్టలేదన్నా. రేపటి బ్యాచ్ చుట్టి పెడతాను.