ఊరేగింపు గుర్రానికి విప్పి పేర్చుకునే దొడ్డి: చేయించాలా, కొనాలా?

బొబ్బిలి_సవారీ:
అందరికీ నమస్కారం. పెళ్లి ఊరేగింపులకు మాకో ఆడగుర్రం ఉంది. రాజాం, పార్వతీపురం, ఒక్కోసారి పలాస దాకా వెళ్తాం. తెల్లవారుజామున ముహూర్తం అయితే రాత్రంతా మండపం వెనకాల కట్టేసి ఉంచాలి. టపాసులకు బెదిరి తాడు కాలికి చుట్టుకుంటుందేమోనని ఒకటే టెన్షన్. రెడీమేడ్ ఇనప దొడ్డి తెప్పిద్దామంటే లారీ కిరాయితో కలిపి తడిసి మోపెడవుతోంది. ఇక్కడే వెల్డింగ్ చేయిస్తే ఎలా ఉంటుంది?

గరివిడి_వెల్డింగ్:
చేయించుకోండి అన్నయ్యా. ముందు బండి కొలత చూసుకోండి. దొడ్డిగా కలిపి నిలబెట్టడానికి బయట అమ్మే ఇనప ఫ్రేములు ఎక్కువగా 10, 12 అడుగులు ఉంటాయి. టాటా ఏస్ తొట్టి 7 అడుగుల పైచిలుకే. అందుకే 7 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు పెట్టండి. 20 అడుగుల పైపులో రెండు ఏడులు, ఒక ఐదు వస్తాయి, ఒక్క అడుగే వృథా. అంగుళం మీడియం మందం జీఐ పైపుతో (జింకు పూత ఉన్న ఇనప పైపు) అయిదు అడ్డాలు వేస్తే ఫ్రేము 33 కిలోల చిల్లర, ఇద్దరు సులువుగా ఎత్తుతారు. ఎనిమిది కలిపితే లోపల అటు నుంచి ఇటుకు దాదాపు 17 అడుగులు. ఒకటిన్నర అంగుళం పైపు గట్టిదే కానీ, రోజూ ఎక్కించి దించేవాళ్ల నడుములు పోతాయి.

ఫ్రేము మూలలు అందంగా గుండ్రంగా వంచుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండు ఫ్రేములు కలిసిన చోట పైన సందు ఏర్పడుతుంది. గుర్రం ముందుకాళ్లు లేపితే గిట్ట అందులో దిగి ఇరుక్కుంటుంది. మూలలు నిటారుగానే ఉండాలి. బోల్టులు కూడా వద్దు, గీసుకుపోతాయి. అంచులకు చిన్న పైపు ముక్కలు అతికి, పై నుంచి కిందికి ఒకటే రాడ్డు దింపితే చాలు.

కళింగపట్నం_తీరం:
వెల్డింగ్ పడిన చోట జింకు పూత కాలిపోతుంది, మా ఉప్పుగాలికి ముందు అక్కడే తుప్పు పడుతుంది. అతుకులన్నిటికీ జింకు పెయింటు తప్పనిసరి. అతికే ముందు ఆ చోట పైపు మీది జింకు పూత గ్రైండర్‌తో తీసేయమనండి, అది కాలిన పొగ పీలిస్తే వెల్డరుకు జ్వరం వస్తుంది. పీవీసీ పైపుల జోలికి పోవద్దు. గుర్రం ఒరిగితే విరుగుతాయి, విరిగిన అంచు కత్తిలా కోస్తుంది.

చీపురుపల్లి_రైతు:
మా వైపు గొర్రెల మందకు కట్టే వల సరిపోదా? చౌక, మోయడం తేలిక.

గరివిడి_వెల్డింగ్:
గుర్రానికి వద్దు తమ్ముడూ. గిట్ట వలలో పడితే బెదిరి ఇంకా లాక్కుంటుంది. ముళ్ల తీగా అంతే. తేలిగ్గా కావాలంటే వెడల్పు టేపుతో కరెంటు కంచె ఉంది, కానీ దాని మెషీను మాత్రం కొనాల్సిందే. అది క్షణకాలం షాక్ కొట్టి ఆగుతుంది. ఇంటి కరెంటు నేరుగా తీగకు ఇస్తే గుర్రమే కాదు, మనిషీ పోతాడు. పైగా షాక్‌కు అలవాటు పడని గుర్రాన్ని ఊరు కాని ఊళ్లో అందులో వదిలితే తెంచుకుని పోతుంది.

బొబ్బిలి_సవారీ:
చాలా సాయం చేశారు. ఫ్రేములే చేయిస్తాను. జీను వేసేటప్పుడు గుర్రాన్ని ఆ ఫ్రేముకే కట్టొచ్చా?

కళింగపట్నం_తీరం:
అస్సలు వద్దండీ. ఉలిక్కిపడి వెనక్కి లాగితే ఫ్రేము ఊడి తాడుతో పాటే వస్తుంది. వెనక ఇనుము మోగుతుంటే ఇంకా పరిగెడుతుంది. చెట్టుకు కట్టండి, అదీ గన్నేరు దగ్గర కాకుండా. మండపాల చుట్టూ అవే పెంచుతారు, ఆకులు తింటే గుర్రం బతకదు.