ఒక మీటరు తీగకు ఎక్స్‌ఎల్‌ఆర్ అవసరమా?

అడయార్ శ్రోత: డాక్‌కీ (డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) యాంప్‌కీ మధ్య మీటరు దూరం. రెండింటికీ ఆర్‌సీఏ (ఒకే సిగ్నల్ తీగ, చుట్టూ షీల్డు), ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నులు: 1 షీల్డుకి, 2, 3 సిగ్నల్‌కి) సాకెట్లు ఉన్నాయి. ఇప్పుడు ఆర్‌సీఏ వాడుతున్నాను, సన్నగా హమ్ (గుయ్‌మనే మోత) వస్తోంది. సెట్‌టాప్ బాక్స్ కూడా కోయాక్సియల్ తీగతో డాక్‌కే కలిపి ఉంది. మార్చమంటారా?

మూడోపిన్ను: వెంటనే మార్చండి. బేస్ బిగువుగా వస్తుంది, వాద్యాలు విడివిడిగా వినిపిస్తాయి.

సోల్డర్‌పొగ: అది 6 డీబీ (డెసిబెల్, శబ్దం గట్టితనం కొలత) మహిమ. చాలా డాక్‌లు ఆర్‌సీఏలో 2 వోల్టులు, ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 4 వోల్టులు ఇస్తాయి. గట్టిగా వినిపించేదే బాగున్నట్టు తోస్తుంది. 200 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టులు కొలవండి (మామూలు మల్టీమీటర్లు చాలావాటిని 400 హెర్ట్జ్ దాటితే నమ్మలేం). రెండు దారుల్లోనూ తేడా 1 శాతం లోపు ఉండేలా వాల్యూమ్ సర్ది, అప్పుడు పోల్చండి.

మూడోపిన్ను: మీరెప్పుడూ ఆ 6 డీబీ దగ్గరే ఆగిపోతారు. రెండు వ్యతిరేక సిగ్నళ్లు వెళ్తాయి కాబట్టే నాయిజ్ రద్దవుతుంది.

సోల్డర్‌పొగ: అందుకు కాదండీ. 2, 3 పిన్నుల నుంచి గ్రౌండ్‌కి ఇంపెడెన్స్ (ఏసీకి ఎదురయ్యే అడ్డు) సమానంగా ఉన్నందుకు రద్దవుతుంది. మూడో పిన్నులో సిగ్నలే లేకపోయినా ఆ సమానత ఉంటే చాలు. కొన్ని యాంపుల్లో సాకెట్ పేరుకే ఉంటుంది. కరెంటు తీసేసి ఇన్‌పుట్‌లో 3 నుంచి 1కి ఓమ్స్ కొలవండి. సున్నా చూపిస్తే రెండూ లోపలే కలిసిపోయాయి, అది ఆర్‌సీఏతో సమానం.

నంగనల్లూర్: ఇంత దేనికి? యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుంది.

సోల్డర్‌పొగ: ఆ పని ఎవరూ చేయకండి! లోపల ఇన్సులేషన్ పాడైతే పెట్టె మీదికి 230 వోల్టులు వస్తాయి. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు ఆర్‌సీఏ తీగ షీల్డు గుండానో, ముట్టుకున్న మనిషి గుండానో పోతుంది.

మూడోపిన్ను: అందుకే కదా ఎక్స్‌ఎల్‌ఆర్ అంటున్నది! ఎర్త్ ముట్టుకోకుండా హమ్ పోగొట్టే దారి అదే.

సోల్డర్‌పొగ: ఆ మాటే ముందు అని ఉంటే నాకు పేచీ లేదు. మీరు బేస్ బిగువన్నారు. హమ్‌కి అది మందే, నాదానికి కాదు.

మూడోపిన్ను: మన అసలు తగాదా ఇక్కడే ఉంది. వీణ గమకం చివర సన్నగా ఆరిపోయే తోకను హమ్ మింగేస్తే, అది నాదం పోవడం కాదా? మీకు నిశ్శబ్దం వేరు, నాదం వేరు. నాకు రెండూ ఒకటే.

సోల్డర్‌పొగ: హమ్ ఉన్న ఇంట్లో ఒప్పుకుంటాను. లేని ఇంట్లో మీటరు తీగకు ఒప్పుకోను. శ్రోత గారూ, ముందు సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే డిష్ తీగ తీసి చూడండి, దాని గుండా గ్రౌండ్‌కి రెండో దారి ఏర్పడి హమ్ రావచ్చు. ఆ తీగకు ఐసొలేటర్ (లోహపు బంధం తెంచే పరికరం) మాత్రం పెట్టకండి, పైన ఎల్‌ఎన్‌బీకి (డిష్ మీద సిగ్నల్ అందుకునే భాగం) అందాల్సిన డీసీని అది ఆపేస్తుంది. బాక్స్ నుంచి డాక్‌కి ఆప్టికల్ తీగ వేస్తే లోహపు బంధమే ఉండదు.

మూడోపిన్ను: ఎక్స్‌ఎల్‌ఆర్ వేశాక కూడా హమ్ మిగిలితే 1వ పిన్ను చూడండి. అది నేరుగా ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి) కలవాలి. బోర్డు గ్రౌండ్‌కి కలిపితే షీల్డులోని కరెంటు సర్క్యూట్‌లోకి దూరుతుంది. 1995లో నీల్ మన్సీ బయటపెట్టిన లోపం అది.

అడయార్ శ్రోత: డిష్ తీగ తీయగానే హమ్ ఆగింది. ఆప్టికల్ తీగ కోసం రిచీ స్ట్రీట్‌కి వెళ్తున్నాను.

మూడోపిన్ను: అక్కడే మీటరు ఎక్స్‌ఎల్‌ఆర్ జత కూడా తీసుకోండి.